ఏ మునిరత్నం?

రెండేళ్ల క్రితం కార్తీకమాసంలో ఒక రాత్రి, రెండూ నలభై ప్రాంతంలో, ‘ఫైలింగులు ఏమీ లేవు’ అని ఒక రిపోర్టు పంపి టీ పెట్టుకోడానికి లేచాను. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక పాల డెయిరీ. ఆవులను, పాలు పితికే మెషిన్లను చూపించి కొత్తగా అప్పు తీసుకుంటోంది. వాటి మీద అప్పటికే ఇంకెవరికైనా హక్కు ఉందని నోటీసు, అంటే ఫైలింగు, దాఖలై ఉందా అని వెతికి చెప్పడం నా పని. డెయిరీ పేరు చివర ‘బ్రదర్స్’ అనే మాట ఉంది. క్లయింటు పంపిన మెయిల్లో దాన్ని ‘బ్రోస్’ అని పొట్టిగా రాశారు. నేను అదే కాపీ చేసి వెతికాను. నిల్.

నాలుగు రోజుల తర్వాత టీమ్ లీడ్ ఫోన్. “మేడం, ఆ డెయిరీ మీద రెండు ఉన్నాయంట.”

అప్పిచ్చేవాళ్ల లాయరు ఆ కంపెనీ పుట్టినప్పటి కాగితాలు తిరగేస్తుంటే అసలు పేరు కనిపించింది. ఆ పేరుతో వెతికితే రెండు ఫైలింగులూ బయటపడ్డాయి. ఒకటి ఆవుల మీద, ఒకటి మెషిన్ల మీద. డబ్బు ఇంకా చేతులు మారలేదు కాబట్టి బతికిపోయాను. ఆ తర్వాత మూడు నెలలు నా ప్రతి రిపోర్టూ ఇంకొకరు చూశాకే బయటికి వెళ్లింది. ఆ ఏడాది ఇంక్రిమెంటు సంగతి అడగొద్దు.

మేముండేది తిరుపతి కొర్లగుంటలో. నా పని సాయంత్రం ఏడున్నరకు మొదలై తెల్లవారుజాము నాలుగున్నరకు అయిపోతుంది. ఎక్కడో మైకులో సుప్రభాతం వినిపిస్తే లాగౌట్ టైమ్ అయినట్టే. అపార్ట్‌మెంట్‌లో చాలామంది నాది కాల్‌సెంటర్ ఉద్యోగం అనుకుంటారు. మా అత్తగారు మాత్రం ఎవరైనా అడిగితే, “మా కోడలు అమెరికావాళ్లకు ఈసీలు తీసిస్తుంది” అంటారు. ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

కాకపోతే ఒక తేడా ఉంది. మన ఈసీ, అంటే ఆస్తి మీద అమ్మకాలూ తనఖాలూ ఏమున్నాయో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే కాగితం, భూమికి. భూమికి సర్వే నంబరు ఉంటుంది, ఊరుంటుంది, నాలుగు వైపులా హద్దులుంటాయి. ఆవుకు సర్వే నంబరు ఉండదు కదా. గోడౌన్లో సరుకు, దుకాణానికి రావలసిన బాకీలు, ఫ్యాక్టరీలో మెషిన్లు, ఇలాంటివాటి మీద అప్పిచ్చేవాళ్లు అక్కడ యూనిఫాం కమర్షియల్ కోడ్ అనే చట్టం తొమ్మిదో ఆర్టికల్ ప్రకారం ఒక నోటీసు దాఖలు చేస్తారు. ‘ఫలానావాళ్ల ఫలానా వస్తువుల మీద మాకు హక్కు ఉంది’ అని చెప్పే చిన్న ఫారం అది. యూసీసీ‑1 అంటాం. మామూలుగా రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో పెడతారు. కంపెనీ అయితే అది ఎక్కడ వ్యాపారం చేస్తోందన్నది లెక్కలోకి రాదు, ఏ రాష్ట్రంలో రిజిస్టరయిందో అక్కడే ఫైలింగు. విస్కాన్సిన్‌లో పాలు అమ్మే కంపెనీ డెలావేర్‌లో పుట్టి ఉంటే డెలావేర్‌లో వెతకాలి. ఈ నోటీసులన్నీ అప్పు తీసుకున్నవాడి పేరు మీద ఇండెక్స్ అవుతాయి. వస్తువును బట్టి వెతికే దారి లేదు, పేరు ఒక్కటే దారి. పేరు తప్పితే అన్నీ తప్పినట్టే.

ఇది నాకు కొత్తగా తెలియాల్సిన విషయం కాదు. నేను పుట్టిందే పేర్లు వెతికే ఇంట్లో. మా నాయన చిత్తూరులో డాక్యుమెంట్ రైటర్. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఒక వరండాలో వాలుబల్ల, ఇంకు ప్యాడు, ఒక రేకు పెట్టె, ఇదీ ఆయన ఆఫీసు. బడి లేని రోజు నేను ఆ రేకు పెట్టె మీద కూర్చునేదాన్ని. అప్పటికి కంప్యూటర్లు రాలేదు. ఈసీ కావాలంటే ఇండెక్స్ పుస్తకాలు తిరగేయాలి. ఒకటో ఇండెక్స్ పేర్లకు, రెండోది ఆస్తులకు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఈ ఏర్పాటు ఉంది.

చిత్తూరు చుట్టుపక్కల పల్లెల సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మునిరత్నం, మునిస్వామి, మునిరాజ, మునెమ్మ, మునిలక్ష్మి. ఊరికి నలుగురు మునిరత్నాలు ఉంటారు. దానికి తోడు మాది సరిహద్దు. కొందరు తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు రాస్తారు, కొందరు తమిళుల పద్ధతిలో తండ్రి పేరులోని మొదటి అక్షరం రాస్తారు. ‘సి. మునిరత్నం’ అంటే ఆ ‘సి’ ఇంటిపేరా, నాయన పేరు చిన్నప్పనా? ఎవరైనా వచ్చి “మునిరత్నం పేరు మీద ఈసీ కావాలన్నా” అంటే మా నాయన కళ్లద్దాలు పైకి తోసుకుని, “ఏ మునిరత్నం? బాయికాడ మునిరత్నమా, చెరువుగట్టు మునిరత్నమా?” అనేవాడు. ఆ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోయేది.

ఇప్పుడు నేను వాడే కంప్యూటరు ఆ ప్రశ్న వెయ్యదు. నేను ‘బ్రోస్’ అని కొడితే, “బ్రదర్సా తల్లీ?” అని అడగదు. చాలా రాష్ట్రాల్లో సెర్చ్ ఎలా పనిచేస్తుందో ముందే రాసిపెట్టిన నియమాలుంటాయి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టించుకోదు. కామాలు, చుక్కలు వదిలేస్తుంది. మాటల మధ్య ఖాళీలు తీసేస్తుంది. చివర కంపెనీ రకం చెప్పే ఇంక్, ఎల్ఎల్‌సీ లాంటి తోకలు కోసేస్తుంది. మొదట ‘ది’ ఉంటే అదీ తీసేస్తుంది. అంతవరకే. పొట్టి మాటను పూర్తి మాటగా మార్చదు. స్పెల్లింగులో ఒక అక్షరం పోతే అది వేరే మనిషి పేరే. ఈ నియమాలైనా అన్ని రాష్ట్రాల్లో ఒక్కలా ఉండవు. నాకు మాత్రం ఇవన్నీ ట్రైనింగులోనే చెప్పారు. ఎవరో రాసిచ్చిన పేరును నమ్మడం నా తప్పు. కంపెనీ రిజిస్ట్రేషన్ రికార్డులో పేరు ఎలా ఉందో చూడటానికి రెండు నిమిషాలు పట్టేది. రాత్రి రెండున్నరకు ఆ రెండు నిమిషాలే బరువనిపించాయి.

నాలాంటివాళ్లు సెర్చ్‌లో పడే గుంటలోనే పెద్ద పెద్ద బ్యాంకులు ఫైలింగులో పడ్డాయి. ఫ్లోరిడాలో ‘1944 బీచ్ బొలెవార్డ్, ఎల్ఎల్‌సీ’ అని ఒక కంపెనీ. అప్పిచ్చిన బ్యాంకు ఫారంలో బొలెవార్డ్‌ను ‘బీఎల్‌వీడీ’ అని కుదించి రాసింది. మనం రోడ్డును ‘రో’ అని రాసినట్టే కదా, అందులో ఏముంది అనిపిస్తుంది. కంపెనీ దివాలా కోర్టుకెక్కాక అదే ఎత్తి చూపింది, మీ నోటీసులో ఉన్నది మా పేరే కాదు అని. పేరు తప్పుగా ఉన్నా, సరైన పేరుతో ఆ రాష్ట్రపు ప్రామాణిక పద్ధతిలో వెతికితే ఫైలింగు బయటపడితే చాలు, చెల్లుతుందని చట్టంలో ఒక మినహాయింపు ఉంది. కానీ ఫ్లోరిడా వెబ్‌సైట్ అప్పట్లో వెతికిన పేరుకు దగ్గరగా ఉన్న ఇరవై పేర్ల జాబితా చూపించి, ముందుకూ వెనక్కూ ఎంత దూరమైనా జరుపుకుంటూ పొమ్మనేది. ఇది ప్రామాణిక పద్ధతే కాదు, కాబట్టి మినహాయింపూ లేదని 2022లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు తేల్చేసింది. మాట కుదించినందుకు బ్యాంకు ఆ నోటీసులను పోగొట్టుకుంది.

మనుషుల పేర్లయితే ఇంకా తిప్పలు. కాన్సస్‌లో ఒక రైతు, అసలు పేరు టెరెన్స్, అందరూ పిలిచేది టెర్రీ. వ్యవసాయ యంత్రాల మీద అప్పిచ్చిన కంపెనీ నోటీసులో టెర్రీ అని రాసింది. 2004లో అప్పీలు విన్న కోర్టు అది చెల్లదంది. అలాంటి గొడవలు చూసి చూసి చట్టాన్నే సవరించారు. 2013 జూలై 1 నుంచి ఎక్కువ రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు మీద ఏ పేరుంటే ఫారం మీద అదే పేరు. లైసెన్సులో తప్పు అచ్చయినా సరే, ఆ తప్పే ఎక్కించాలి. కొత్తగా చేరిన పిల్లలకు ఇది మింగుడు పడదు. ఇంటర్‌లో ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్ల అయితే స్పెల్లింగు దిద్దకుండా ఉండలేదు. “దిద్దొద్దు తల్లీ, మనం టీచర్లం కాదు” అని వారానికి ఒకసారైనా చెప్తాను.

మనవాళ్ల పేరు కనిపిస్తే మాత్రం నాకు కాస్త టెన్షన్. పెట్రోలు బంకులు, మోటళ్లు, కిరాణా కొట్లు నడిపే తెలుగువాళ్లు అక్కడ తక్కువేమీ కాదు. ఫారంలో సర్‌నేమ్‌కు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి. మన ఇంటిపేరు ఏ గడిలో పడిందో దేవుడికే తెలియాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా వదిలేసినవాళ్లుంటారు. వెంకట సుబ్రహ్మణ్యంలో వెంకట ఒక గడిలోకి, సుబ్రహ్మణ్యం ఇంకో గడిలోకి వెళ్లిపోయినవాళ్లుంటారు. సుబ్రహ్మణ్యంలో ‘హెచ్’ ఉందా లేదా అన్నది ఇంకో పురాణం. అలాంటప్పుడు లైసెన్సు కాపీ ఇప్పించమని క్లయింటును అడుగుతాను. ఆ తర్వాత గడులు తారుమారు చేసి కూడా ఒకసారి వెతుకుతాను. ఈ రెండో సెర్చ్‌కు నాకెవరూ డబ్బులివ్వరు. అయినా మనవాడి పేరు ఎలా తలకిందులవుతుందో ఆ ఆఫీసులో నాకంటే ఎవరికి తెలుసు!

పేరు అంతా సరిగ్గా ఉన్నా బోల్తా పడొచ్చు. మా లైన్లో అందరూ చెప్పుకునే కథ జనరల్ మోటార్స్‌ది. నేను దాన్ని ఇప్పటికి మా నాయనకు రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ ఆయన కాఫీ చల్లారిపోయింది.

జేపీ మోర్గాన్ బ్యాంకు ద్వారా ఆ కంపెనీకి రెండు వేర్వేరు అప్పులున్నాయి. ఒకటి సుమారు 30 కోట్ల డాలర్ల లీజు వ్యవహారం. ఇంకొకటి 150 కోట్ల డాలర్ల టర్మ్ లోన్. 2008 అక్టోబర్‌లో మొదటిది తీరిపోతోంది. తీరిపోయింది కాబట్టి దాని నోటీసులు రద్దు చేయాలి. కంపెనీ తరఫు లాయర్ల ఆఫీసులో ఒక జూనియర్, అక్కడి సహాయకుడికి డెలావేర్‌లో ఈ కంపెనీ మీద ఏమేం నోటీసులున్నాయో వెతకమని చెప్పాడు. మూడొచ్చాయి. రెండు లీజువి. మూడోది టర్మ్ లోన్‌ది. జాబితాలో మూడూ వరసగా ఉన్నాయి కదా, మూడూ రద్దుకు ఎక్కేశాయి. ఆ డ్రాఫ్టు బ్యాంకుకు వెళ్లింది, బ్యాంకు లాయర్లకు వెళ్లింది. వాళ్లు కాగితాలు బాగా చేశారని మెచ్చుకుంటూ జవాబిచ్చారు. ఫైలింగు నంబరు పక్కన అది ఏ అప్పుదో ఒక్కరూ తెరిచి చూడలేదు. అక్టోబర్ 30న రద్దు పత్రం దాఖలైంది. ఎనిమిది నెలలైనా గడవకముందే, 2009 జూన్ 1న, జనరల్ మోటార్స్ దివాలా తీసింది.

మేము అది రద్దు చేయాలని అనుకోనేలేదు అని బ్యాంకు మొత్తుకుంది. 2015 జనవరిలో అప్పీలు కోర్టు చెప్పింది ఒకటే. మీరేం అనుకున్నారన్నది ప్రశ్న కాదు. ఆ కాగితం దాఖలు చేయడానికి మీరు ఒప్పుకున్నారు, ఒప్పుకున్నారు కాబట్టి రద్దు చెల్లుతుంది. అంతే.

మా నాయన మొదటిసారి విన్నప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “ఎవురూ గట్టిగా చదివి వినిపించలేదు గదా మే.” ఆయన కాలంలో దస్తావేజు రాశాక రెండు పార్టీలనూ కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివేవాడు. హద్దుల దగ్గర ఆగి, తూర్పు ఎవరు, పడమర ఎవరు అని వాళ్ల నోటితో చెప్పించేవాడు. అప్పుడది నాకు చాదస్తంలా అనిపించేది. ఇప్పుడు రద్దు పత్రం ఏది వచ్చినా, పాత నోటీసు తెరిచి అప్పిచ్చినవాడి పేరు, తేదీ, ఏ వస్తువుల మీద అన్నది పెదాలు కదుపుతూ చదువుతాను. పక్క గదిలో మా ఆయన ఒక రాత్రి లేచి వచ్చి, “ఎవరితో మాట్లాడుతున్నావ్?” అని అడిగాడు.

తేదీల సంగతీ చెప్పాలి గానీ అది పేర్లంత రుచిగా ఉండదు. యూసీసీ‑1కు మామూలుగా ఐదేళ్ల ఆయుష్షు. పొడిగింపు పత్రం చివరి ఆరు నెలల్లోనే వెయ్యాలి. 2021 మార్చి 10న దాఖలైందనుకోండి, 2025 సెప్టెంబర్ 10 నుంచి 2026 మార్చి 10 మధ్య వెయ్యాలి. ఆలస్యమైతే చెల్లదని అందరికీ తెలుసు. ముందుగా వేసినా చెల్లదని చాలామందికి తెలియదు. జాగ్రత్త ఎక్కువై సెప్టెంబర్ మొదటి వారంలోనే వేసేసి, పని అయిపోయిందని ఎక్సెల్ షీట్లో పచ్చరంగు నింపేసినవాళ్లను చూశాను. ఆ పచ్చరంగు చూసి ఆర్నెల్లూ మళ్లీ ఎవరూ అటు తిరగరు.

ఇక నిల్. మా నాయన ఈ మాటను ఒట్టిగా ఎప్పుడూ రాసేవాడు కాదు. పాకాల వైపు ఒక టీచరు స్థలం కొంటూ నిల్ ఈసీ తెచ్చి చూపించాడు. మా నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇది సబ్‌డివిజన్ అయినాక వచ్చిన నంబరు సార్. అంతకుముందు పాత నంబరు యాడ?” అన్నాడు. పాత నంబరు మీద తీస్తే తనఖా ఉంది. స్థలం విడగొట్టక ముందే రిజిస్టరైన తనఖా కొత్త నంబరు కింద ఎందుకు కనిపిస్తుంది? అబద్ధం ఈసీ చెప్పలేదు, అడిగిన నంబరుకు నిజమే చెప్పింది. అమెరికాలోనూ అంతే. కంపెనీ పేరు మారి ఉంటే పాత పేరుతో కూడా వెతకాలి, ఎందుకంటే పాత పేరు మీది నోటీసు అప్పటికే ఉన్న వస్తువుల మీద బతికే ఉంటుంది. పైగా ఆఫీసులో ఇండెక్సు ఏ తేదీ వరకు పూర్తయిందో ఆ తేదీ వరకే నిల్. అందుకే నా రిపోర్టులో ఇప్పుడు ‘నిల్’ అన్నది ఒంటరిగా ఉండదు. ఏ పేరుతో, ఏ ఆఫీసులో, ఏ తేదీ దాకా అన్నది పక్కనే ఉంటుంది. క్లయింట్లకు ఇది పొడుగ్గా అనిపిస్తుందట. అనిపించనీ.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి అప్పు తీసుకుంటే, ఆ పత్రాలు పెట్టినట్టు రాసుకున్న మెమోరాండం రిజిస్టరైతేనే ఈసీలో కనిపిస్తుంది. వట్టి పత్రాలే అప్పగించి ఊరుకుంటే ఈసీకి తెలియదు. ఒకే ఇంటి మీద నాలుగు బ్యాంకుల్లో అప్పు తెచ్చే ఘనుల కోసమే 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ వచ్చింది. 2020 జనవరి 24 నుంచి అందులో నమోదు చేయని బ్యాంకు, కోర్టుకెళ్లకుండానే బాకీ రాబట్టుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద ఆస్తిని జప్తు చేయడానికే వీల్లేదు. కాబట్టి ఈసీతో పాటు అక్కడా చూడాలి. అక్కడ కూడా డోరు నంబరు కొత్తదా పాతదా, ఊరు పేరు ఏ స్పెల్లింగుతో ఎక్కించారు అన్న పాత పాటే. మన జిల్లాకైతే ఇంకో ముడి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయింది. అంతకుముందు మావైపు కాగితాలన్నిట్లో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా బావ. పోయిన నెల ఆయన ఇంటి లోన్ తీరింది. బ్యాంకు పేరు వద్దులెండి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలి, రిజిస్ట్రీలో పెట్టిన చార్జీ, అంటే ఆస్తి మీద బ్యాంకు హక్కు నమోదు, కూడా తీయించాలి, ఆలస్యం వాళ్ల వల్లే అయితే రోజుకు 5,000 రూపాయలు కట్టాలి అని రిజర్వ్ బ్యాంకు 2023 డిసెంబర్ 1 నుంచి నియమం పెట్టింది. పత్రాలైతే టైముకే ఇచ్చారు. బావ స్వీట్ బాక్సు తెచ్చాడు. నేను లడ్డూ చేత్తో పట్టుకునే ఈసీ తీశాను. తనఖా మెమోరాండం అక్కడే ఉంది. రద్దు పత్రం రిజిస్టర్ చేయలేదు. సెర్సాయ్‌లో చూస్తే ఇంటిపేరులో ఒక అక్షరం తేడా, చార్జీ ఇంకా నడుస్తూనే ఉంది.

“పత్రాలు మన చేతికి వచ్చేశాయి కదమ్మా, ఇంకేంటి?” అన్నాడు బావ.

“రేపు అమ్మాలనుకుంటే కొనేవాడు ఈసీ చూస్తాడు బావా, స్వీట్ బాక్సు చూడడు” అన్నాను.

సోమవారం బ్యాంకు మేనేజరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు మనిషిని పంపుతానన్నాడట. చిత్తూరు నుంచి మా నాయన కూడా వస్తానన్నాడు. డెబ్బై నాలుగేళ్లు, మోకాలి నొప్పులు, ఎందుకు నాయనా అంటే వినడు. బ్యాంకువాళ్లు తయారుచేసిన డ్రాఫ్టు వాట్సాప్‌లో పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు.

“రెండో పేజీలో డాక్యుమెంట్ నంబరు ఉంది, ఏ సంవత్సరమో లేదు. దిద్దించు. నేను ఆరున్నర బస్సుకు వస్తా.”